నీళ్లులేని నేలను కోరుకున్నవారు

అనంతపురం నుండి కదిరి వెళ్లే దారిలో ఎటు చూసినా ఎర్ర నేలలు, రాతి గుట్టలు, వానకోసం ఎదురుచూసే వేరుశెనగ చేలే మాకు కనబడ్డాయి. ఈ సీమకు నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం గనుక ఈశాన్యపు వానలు కూడ ఇక్కడికి వచ్చేసరికి బలహీనమవుతాయి. ఏడాదికి సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా వేళకు కురవదు. ఊడలు దిగే సమయంలో వాన తప్పితే పంట పోయి అప్పు మిగులుతుంది. అందుకే ఎన్నో కుటుంబాలు ఇంటికి తాళం వేసి బెంగుళూరు బస్సు ఎక్కుతాయి.

అనేకులు విడిచిపోయే ఈ నేలకు ఒకరు వచ్చి, చివరివరకు ఇక్కడే ఉండిపోయారు. ఆయనే ఫాదర్ ఫెర్రర్‌గా ఇక్కడి ప్రజలు ఎరిగిన విన్సెంట్ ఫెర్రర్ గారు. 1920లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో జన్మించి, జెస్యూట్ సభలో చేరి, 1952లో బొంబాయికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులు బావులు తవ్వుకొనడానికి తోడ్పడ్డారు. పేదలు ఆయన వెంట నడవడం కొందరు పెద్దలకు రుచించలేదు. 1968లో దేశం విడిచిపొమ్మని ఆజ్ఞ వచ్చింది. వేలాది రైతులు ఆయన పక్షాన కదిలారు. ప్రధాని ఇందిరాగాంధీ గారు ఆయన తిరిగి రావడానికి మార్గం తెరిచారు. 1969లో ఆయన అనంతపురం చేరారు.

మరుసటి సంవత్సరం ఆయన ఇంకొక నిర్ణయం తీసుకొన్నారు. సభను విడిచి, ఇంగ్లాండులో పుట్టిన పాత్రికేయురాలు ఆన్ పెర్రీ గారిని వివాహమాడారు. ప్రమాణం చేసినవారు అలా చేయవచ్చునా అని అడిగేవారున్నారు. తీర్పు చెప్పడానికి మేము న్యాయాధిపతులము కాము. ఆయన జీవన విధానం మారినా పేదల మధ్య ఉండాలన్న పిలుపు మారలేదు. ఆ దంపతులు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారా ఇండ్లు, బడులు, వైద్యశాలలు కట్టించారు. ఇండ్లు స్త్రీల పేరిట ఇచ్చారు. దారిలో బత్తలపల్లి వద్ద కనబడే పెద్ద ఆసుపత్రి వారి సేవాఫలమే. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూశారు. ఈ నేలలోనే ఆయనను సమాధి చేశారు. తరువాత ఆన్ గారు ఆ సేవను కొనసాగించారు.

ఈ దారిలో మాకు ఆదికాండము 13వ అధ్యాయము జ్ఞాపకమొచ్చింది. లోతు నీళ్లు సమృద్ధిగా ఉన్న మైదానాన్ని చూసి కోరుకొన్నాడు, పొరుగువారు ఎటువంటివారో చూడలేదు. చివరకు అంతా పోగొట్టుకొని బయటపడ్డాడు. మిగిలిన భాగము అబ్రాహాముకు వచ్చింది, దేవుని వాగ్దానమూ అక్కడే దొరికింది.

ప్రియ చదువరులారా, పట్టణానికి వెళ్లడం పాపము కాదు, పల్లెలో ఉండిపోవడమే భక్తి కాదు. పిల్లల కడుపు నింపడానికి వలసపోయే తండ్రిని ఎవరు తప్పుపట్టగలరు? అయితే చదువు, పని, పెండ్లి మొదలైన విషయాల్లో మనం ఎవరి కన్నులతో చూసి ఎంచుకొంటున్నాము? పొరుగింటివారి గొప్ప చూసి, బంధువుల మాటకు జడిసి ఎంచుకొంటే, కష్టము రాగానే వారిని నిందిస్తాము. ప్రార్థించి, మన మనస్సుతో ఎంచుకొన్నదైతే, పంట పోయిన ఏడు కూడ దానిని మోయగలము.

తలిదండ్రులారా, మీ కుమారుని, కుమార్తెను ఈ నెలలో ఒక సాయంకాలము కూర్చుండబెట్టి, వారి హృదయంలో ఏమున్నదో అడగండి. ఆలోచన చెప్పండి గాని వారి బదులు మీరు ఎంచవద్దు. యౌవనులారా, ఎంచుకొన్న తరువాత మాటిమాటికి వెనుకకు చూడకండి. మడక పట్టినవాడు వెనుకకు తిరిగితే సాలు వంకరపోతుందని ఈ సీమ రైతుబిడ్డలకు ఒకరు చెప్పనక్కరలేదు గదా!