నీలి కడ్డీ

మా పాఠశాల మంచినీళ్ల స్టీలు తొట్టి చిల్లి పడగా, మొన్నటి వేసవిలో బజారు చివరనున్న వెల్డింగు దుకాణమునకు బోయితిని. అందు టిగ్ వెల్డింగు చేయు యువకుడు పూర్వము నాయొద్ద చదివినవాడే. సమాసములు తప్పు చెప్పినప్పుడెల్ల వానిని మందబుద్ధి యని పిలిచెడివాడను. ఈ సంగతి దాచుట న్యాయము కాదు.

నేను వెళ్లునప్పటికి యజమాని వానిపై మండిపడుచుండెను. రెండు దినములుగా అతుకులన్నియు బూడిదరంగు తిరిగి, సూదిబెజ్జములతో వచ్చుచున్నవట. చేయి వణకుచున్నదనియు, చెడిన సరకు వెల జీతమున కోయుదుననియు ఆయన పట్టు. "వీడింతే" యని నేనును లోలోపల ననుకొంటిని.

వాడు బదులాడక, మీట కట్టివేసి, టార్చిని విప్పి భాగములను బల్లపై పేర్చెను. "మాస్టారూ, ఈ కడ్డీ చూడండి" అనెను. అది టంగ్‌స్టన్, 3,422 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి గాని కరగదు. చుట్టును ఆర్గాన్ వాయువు కాచినంతకాలము పని ముగిసిన పిదపను వెండివలె మెఱయవలెను. ఇదియో, నెమలికంఠమువలె నీలమై, మొన నల్లబడి యుండెను. వేడి లోహమునకు గాలి సోకుచున్నదన్నమాట. ఆర్కు ఆఱిన తోడనే వాయువును కట్టివేసినను ఇట్లే యగునట. కాని వాడు కడ్డీ చల్లారువఱకు వాయువును విడుచుచునే యున్నాడు.

పింగాణి కప్పు అంచున పెచ్చూడినచో వాయువు సుడి తిరిగి గాలిని కలుపుకొనును. ఆ కప్పు బాగుగనే యున్నది. కడ్డీని బిగబట్టు కాలెట్టు మాత్రము మెలిపడి యుండెను. నిలువున చీలికలుగల సన్నని రాగిగొట్టమది. పట్టు వదులైనచో కరెంటు సరిగా నందదు, పిడి వేడెక్కును, ఆర్కు అటునిటు తల్లాడును. ఆ తల్లాటమునే యజమాని చేతివణకుగా నెంచెను!

అసలు దొంగ వెనుకనున్న బ్యాక్ క్యాపులో దొరికెను. కుక్కరు మూతకు వేయునట్టి రబ్బరు వలయమే, కాని చిటికెనవ్రేలి యుంగరముకంటె చిన్నది. వేడికి బిరుసెక్కి, గోరు తగులగనే రెండుగా విఱిగెను. ఆ సందుననే గాలి లోనికి బోవుచుండెను.

క్రొత్త వలయము, క్రొత్త కాలెట్టు తెప్పించిరి. వాడు నీలి భాగమును విఱిచివేసి, కడ్డీని నిలువుగా సానబట్టి, తొట్టి నతికెను. అతుకు లేత బంగారువన్నెతో వచ్చినది. నేటికిని చుక్క కారలేదు.

జీతపు కోత మాట నేను కదపగా, యజమాని "చూతములెండి" యనెను. ఇంకను చూచుచునే యున్నాడు. నా పాతమాటను నేనును వానియెదుట వెనుకకు దీసికొనలేదు.