గోస్తని ఒడ్డున తొలి ముద్ద

తగరపువలసలో తిండికి కొదవ లేదు. రోడ్డు పక్కన వేడివేడి టిఫిన్లు, భీమిలి రేవు నుంచి చేపలు, చుట్టుపక్కల ఊళ్ల కూరగాయలు... చేతిలో డబ్బుంటే చాలు. మరి సంత, పొలం, చివరికి మట్టికుండ కూడా లేని రోజుల్లో ఇక్కడి మనిషి కడుపెలా నింపుకున్నాడు?

జవాబు కోసం గోస్తని వెంట నడవాలి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్ని, తాటిపూడి జలాశయాన్ని దాటి, తగరపువలసను ఒరుసుకుంటూ భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందీ నది. బొర్రా గుహల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులకు పాత రాతియుగపు పనిముట్లు దొరికాయి. భీమిలికి ముందు, సముద్రం పక్కనే ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో సూక్ష్మ రాతి పనిముట్లు బయటపడ్డాయి.

చూడ్డానికి గోరంత రాళ్లే. కానీ కర్రకు వరసగా అతికిస్తే కత్తి, కొనకు బిగిస్తే బాణం! వేటాడిన జంతువు తోలు ఒలవడానికీ, మాంసం కోయడానికీ ఇవే ఆధారం.

తిండి మాత్రం రాయిలా నిలవదు. అందుకే వంట ఆనవాళ్ల కోసం కర్నూలు గుహల దాకా వెళ్లాలి. బేతంచెర్ల దగ్గరి ముచ్చట్ల చింతమాను గవిలో సుమారు 17 వేల ఏళ్లనాటి పొయ్యి జాడ దొరికింది. వేట దొరకని రోజున దుంపలే దిక్కు. నల్లమల చెంచులు మొనదేలిన కర్రతో దుంపలు తవ్వి, నిప్పుల్లో కాల్చుకునే తీరు పరిశోధకులకు ఆనాటి బతుకును అర్థం చేసుకునే దారి చూపింది.

కుండ వచ్చాక కథ మారింది. కాల్చుకు తినేవాళ్లు ఉడకబెట్టడం మొదలెట్టారు. రాయలసీమ, కర్ణాటకల్లోని కొత్త రాతియుగపు ఊళ్లలో నాలుగు వేల ఏళ్లనాటి మాడిన గింజలు దొరికాయి. ఏమిటవి? ఉలవలు, పెసలు, అండుకొర్రలు! ఉత్తరాంధ్ర ప్రాణంగా చూసుకునే చోడి ఆఫ్రికా నుంచి ఆ తర్వాతే వచ్చింది. ఇక మిరపకాయైతే పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిన నిన్నమొన్నటి చుట్టమే. ఆ లెక్కన మన వంటింట్లో పెద్దరికం ఉలవచారుదే.

ఇంకా తెలియాల్సింది చాలానే ఉంది. అదంతా మట్టిపొరల్లోనే ఉంది. ఏ రాయి ఎంత లోతులో, ఏ బొగ్గు పక్కన దొరికిందన్న దాన్ని బట్టే దాని వయసు, పని తేలతాయి. చోటు మారితే అది ఉత్త రాయే. 2024లో ఎర్రమట్టి దిబ్బల ప్రాంతంలో ఇళ్ల స్థలాల కోసం యంత్రాలతో నేల చదును చేయడం వివాదమైంది. 2025లో ఇవే దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. జాబితాలో చేరినంత మాత్రాన తవ్విన మట్టి వెనక్కి రాదు.

ఈసారి దిబ్బల దగ్గరికి వెళ్తే కళ్లారా చూడండి, ఫొటోలు తీసుకోండి. కాలికి తగిలిన రాయిని మాత్రం జేబులో వేసుకోకండి. అది ఎవరో ఆకలి తీర్చుకున్న కత్తి కావచ్చు!