జనుము చేలో కన్యాశుల్కం

శ్రీకాకుళం వెళ్ళినవారు అరసవల్లి సూర్యనారాయణమూర్తిని, శ్రీకూర్మనాథుణ్ణి దర్శించుకుంటారు. ఓపిక ఉన్నవారు వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కి బౌద్ధ స్తూపాలు చూసివస్తారు. కార్తీకమాసంలో అటు వెళ్ళిన నేను మాత్రం కొండ దారిలో ఒక జనుము మడి దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

కారణం ఒక చిన్న శలభం. గట్టుమీది గడ్డిలో అడుగు పెట్టగానే లేచి, నాలుగు గజాలు ఎగిరి, మళ్ళీ ఒక గడ్డిపరకను పట్టుకుని కూర్చుంటుంది. సీతాకోకచిలుకలా రెక్కలు పైకెత్తదు; ఒంటికి చుట్టుకుంటుంది. తెల్లని రెక్కలు, వాటిమీద నల్లని చుక్కలు, నడుమ నడుమ కుంకుమబొట్లు. రెక్కలు చాస్తే సుమారు అంగుళమున్నర. 1758లో లిన్నేయస్ పండితుడు దీనికి ‘పుల్కెల్లా’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో చిన్నారి అందగత్తె అని అర్థం.

“ఏటి బాబూ సూస్తన్నారు?” అన్నాడు మడిలోని రైతు. చూపించాను.

“అందం సూసి మురిసిపోకండి. దీని పురుగు కాయకి కన్నవెట్టి గింజ మిగల్నీదు!”

నిజమే. జనుమును పచ్చిరొట్టగా దున్నేసేవారికి దీనితో అంత బాధ లేదు. విత్తనానికి నిలిపినవారికే నష్టం.

అయితే ఆ గొంగళిపురుగు తినేది ఒట్టి గింజ కాదు, విషం కూడా. జనుముకు చుట్టాలైన గిలిగిచ్చ జాతి మొక్కల్లో ఉండే ఈ విషం పశువుల కాలేయాన్ని చెడగొడుతుంది. పురుగు మాత్రం దాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలు వచ్చాక కూడా ఆ ఆస్తి చెక్కుచెదరదు.

అమెరికాలో ఉన్న దీని దాయాది మీద కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్ బృందం పరిశోధనలు చేసింది. గూటిలో ఆ శలభం పడితే సాలీడు వచ్చి, పరీక్షించి, దారాలు తానే తెంచి వదిలేసిందట! విషంలేని మేతతో పెంచినవాటిని మాత్రం వదల్లేదు.

అంతకన్నా వింత వాటి పెళ్ళి. మగది తాను దాచిన విషంతోనే పరిమళం తయారుచేసి ఆడదాన్ని మెప్పిస్తుంది. జతకట్టినప్పుడు ఆ విషంలో కొంత ఆమెకు అప్పగిస్తుంది. ఆమె దాన్ని గుడ్లకు పంచుతుంది. ఇక చీమలు వాటి జోలికి రావు.

గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ఆడింది పొరుగున ఉన్న విజయనగరంలోనే. అగ్నిహోత్రావధాన్లు పుచ్చుకునే శుల్కం తండ్రి మూటలోకి పోతుంది. శలభం ఇచ్చే శుల్కం పుట్టబోయే బిడ్డలకు రక్ష అవుతుంది. ఎంత పెద్ద మనసు! కాని మన చేలలో ఆ సొమ్ము కూడబెట్టేది జనుము రైతు గింజల్లోంచే కదా!