సరి ఏడు అక్కది, బేసి ఏడు నాది

భద్రాచలంలో రాములవారి కళ్యాణం సంగతి తెలియనివాళ్ళు మనలో ఎవరుంటారు? వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళి చూశారు, వెళ్ళలేనివాళ్ళు రేడియోలో విన్నారు, ఇప్పుడు టీవీ ముందు అక్షింతలు పట్టుకుని కూర్చుంటున్నారు. కానీ ముందురోజు సాయంత్రం జరిగే ఎదుర్కోలు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఈసారి తప్పకుండా చూడండి. అర్చకస్వాములే రెండు జట్లుగా విడిపోతారు. కొందరు మగపెళ్ళివారు, కొందరు ఆడపెళ్ళివారు. మా అబ్బాయి వంశం అంతటిది అని వీళ్ళంటే, మీ అబ్బాయికి మా అమ్మాయి దొరకడమే మహాభాగ్యం అని వాళ్ళంటారు. చమత్కారానికి చమత్కారం, ఎత్తిపొడుపుకి ఎత్తిపొడుపు. చూడ్డానికొచ్చిన జనం కూడా నవ్వుకుంటూనే ఏదో ఒక వైపు చేరిపోతారు.

మా అత్తగారు ఏటా మా తోడికోడళ్ళిద్దరికీ పక్షాలు పంచేసేది. "పెద్దది రాములవారి వైపు, చిన్నది సీతమ్మ వైపు." ఆవిడ మాత్రం మధ్యలో కూచునేది. ఆ మధ్య చోటు ఆవిడ జన్మహక్కు.

సీతారాముల పెళ్ళిలో ఆ తగువు గంటో గంటన్నరో ఉంటుందేమో. మర్నాడు మిట్టమధ్యాహ్నం మంగళసూత్రం పడితే అంతా సర్దుకుంటుంది. మా ఇంట్లో మంగళసూత్రాలు పడ్డాకే మొదలైంది. పదేళ్ళు నడిచింది.

మా పుట్టిల్లు ఖమ్మం. మేమిద్దరమే ఆడపిల్లలం. అక్కని 1972లో భద్రాచలం ఇచ్చారు. నాలుగేళ్ళకి వాళ్ళే వచ్చి అక్క మరిదికి నన్నడిగారు. "పెద్దదాన్ని చూశాంగా, రెండోదీ ఆ మోస్తరుగానే ఉంటుంది" అన్నారట అత్తగారు. చీర మన్నికగా ఉందని అదే తానులోంచి ఇంకోటి చింపించుకున్నట్టు! అమ్మ మాత్రం పొంగిపోయింది. "జనకుడి కూతుళ్ళిద్దరూ, ఆయన తమ్ముడి కూతుళ్ళిద్దరూ ఒక్కింటికే కోడళ్ళుగా వెళ్ళలా?" అంది. వెళ్ళారు, నిజమే. వంటింట్లో వాళ్ళ నలుగురికీ మాటామాటా వచ్చిందో లేదో వాల్మీకి రాయలేదు. అయినా సీతమ్మ పద్నాలుగేళ్ళు అడవుల్లోనే ఉండిపోయె. మా ఊరికి 35 కిలోమీటర్ల దూరాన పర్ణశాలలో నారచీరలు ఆరేసుకునే మనిషికి అయోధ్యలో ఉన్న ఊర్మిళతో తగువెక్కడిది?

మా వైపు తోడికోడల్ని 'ఏరాలు' అంటారు. తోడబుట్టిందే ఏరాలైతే ఎలా ఉంటుందో అనుభవిస్తే గాని తెలీదు. అక్క అలకలు పుట్టింటి నుంచీ తెలుసు, మన లొసుగులు అక్కకీ తెలుసు. కొత్త కోడలికుండే ఆ నాలుగు రోజుల మర్యాద కూడా దక్కదు.

ఇంతకీ తగువు దేనికంటారా? ఇంకెందుకు, నగ దగ్గరే. అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన కాసులపేరు. అక్కకి పెళ్ళి కుదిరిన రోజునే అమ్మ "ఇది నీదేనే" అని మాటిచ్చింది. తీరా పెళ్ళి ఖర్చులకి నాన్న దాన్నే బెజవాడలో మా మేనమామ దగ్గర కుదవపెట్టి డబ్బు తెచ్చాడు. విడిపించగానే పంపిస్తానంది అమ్మ. అక్క సరేనంది. నాలుగేళ్ళు ఆ ఊసెత్తలేదు. నా పెళ్ళినాటికి ఎలాగో బాకీ తీరింది. పెళ్ళి భద్రాచలంలోనే గనక, మావయ్య నగ తెచ్చి నేరుగా అక్క చేతిలో పెట్టాలని ఏర్పాటు.

మావయ్య డోర్నకల్లో బండి మారి, భద్రాచలం రోడ్డు అన్న బోర్డు చూసి హుందాగా దిగి, గుడి ఎటు అని అడిగాడు. అడిగినవాళ్ళు నవ్వారు. పేరుకి భద్రాచలం రోడ్డే గాని అది కొత్తగూడెం. అక్కణ్ణించి రోడ్డు మీద 40 కిలోమీటర్లు, ఆపైన గోదావరి. 1965లో వంతెన పడింది గనక సరిపోయింది, లేకపోతే పడవ కూడా ఎక్కాల్సి వచ్చేది. ఆ పేరు నమ్ముకుని ముహూర్తాలు తప్పించుకున్న పెళ్ళివాళ్ళు మా మావయ్య ఒక్కడే కాదు లెండి.

ఆయనొచ్చేసరికి జీలకర్రా బెల్లం అయిపోయింది. మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల మెడ బోసిగా ఉందే" అనేసింది. సరిగ్గా అప్పుడే మావయ్య చెమటలు తుడుచుకుంటూ మూట తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ ఏమనుకుందో, అసలేమన్నా అనుకుందో లేదో, తీసి నా మెడలో వేసేసింది. నేను తల వంచుకుని ఉన్నాను గనక అక్క మొహం చూళ్ళేదు. చూసినవాళ్ళు తర్వాత చెప్పారు.

పెళ్ళవగానే తీసి ఇచ్చేయొచ్చుగా అని మీరనొచ్చు. నన్ను నేనూ ఆ మాట చాలాసార్లే అడుక్కున్నాను. పంతొమ్మిదేళ్ళ పిల్లని. అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాను. అక్క అడిగితే ఇచ్చేద్దాం అనుకున్నాను. అడక్కుండా ఇస్తే పుచ్చుకుందాం అని అక్క అనుకుంది. ఇద్దరం అనుకుంటూ కూచున్నాం.

అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. ఒకే వంటిల్లు, ఒకే పొయ్యి, రెండడుగుల దూరం. మా మధ్య తపాలా ఆఫీసు అత్తయ్య.

"అత్తయ్యా, చింతపండు నానేసిందేమో కనుక్కోండి" అనేది అక్క, నాకు వినబడేలా.

అత్తయ్య నా వైపు తిరిగేది. "చింతపండు కూడా నానెయ్యకుండా ఏం వెలగబెడుతోందని అడుగుతోందే మీ అక్క."

"అరగంటయింది నానేసి, చెప్పండి."

"అరగంటయిందిట. కళ్ళుంటే చూసుకోమంటోంది."

నేనన్నది నాలుగు మాటలైతే అక్కకి చేరేవి పద్నాలుగు. మావారూ, బావగారూ ఒకే పేపర్ని చెరి సగం చేసుకుని వరండాలో కూచునేవారు. లోపల పిడుగులు పడుతున్నా పేజీ తిప్పడమే వినబడేది.

ఒకసారి టూరింగు టాకీసులో 'గుండమ్మ కథ' వచ్చిందని అందరం వెళ్ళాం. 1962 నాటి సినిమా, అప్పటికే పాతది. అందులో సావిత్రీ, జమునా సవతి అక్కచెల్లెళ్ళు, ఎస్వీ రంగారావు కొడుకులిద్దర్నీ చేసుకుంటారు. అంటే మాలాగే ఏరాళ్ళన్నమాట. సూర్యకాంతం నోరు విప్పినప్పుడల్లా హాలంతా తిడుతోంది. తర్వాత కాలంలో ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికే జనం జంకారంటారు. మా అత్తయ్య మాత్రం దారి పొడుగునా గుండమ్మనే వెనకేసుకొచ్చింది. "మగదిక్కు లేని మనిషి, ఇల్లు నెట్టుకు రావాలంటే నోరుండదూ?" సినిమా చూస్తున్నంతసేపూ అక్క ఆవిడకి ఇటు, నేను అటు. జమున చేత పని చేయించే చోట అక్క నవ్వింది. నా కోసమే నవ్విందని నాకు తెలుసు.

మధ్యవర్తిత్వం మీద అత్తయ్యకి ఒక సిద్ధాంతమే ఉండేది. రామదాసుగారి సంగతి చెప్పేది. పాల్వంచ పరగణా తహసీల్దారు, తానీషా ఖజానాకి చేరాల్సిన సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలలో పడ్డాడు కదా. అక్కడ కూచుని రాముడి ఇంటిల్లిపాదికీ ఏ నగ చేయించాడో, దేనికెంతయిందో ఏకరువు పెడుతూ పాడాడు. ఇవన్నీ మీ నాన్న పెట్టాడా, మీ మామగారు పంపాడా అని నిలదీశాడు. రాముడు పలకలేదు. అప్పుడు సీతమ్మకి మొరపెట్టుకున్నాడు, మీ ఆయనతో ఒక మాట చెప్పమ్మా అని. "చూశారా? దేవుడి దగ్గరైనా మధ్యన మనిషి లేందే పని కాదు" అనేది అత్తయ్య. ఆ చనువుతోనే కాబోలు, భద్రాచలంలో సీతమ్మవారికి మూడు సూత్రాలు కడతారు. ఒకటి పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది, మూడోది రామదాసుగారిది. ఇటూ కాని, అటూ కాని మనిషిది. ఆ మూడో సూత్రం దగ్గర మాత్రం అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేది.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 53కి మూడోది, ఆఖరిది. ఆ ఏడు 75.6 అడుగులొచ్చింది. ఇప్పుడున్న కరకట్ట అప్పటికి లేదు. మా వీధి పల్లం. కరెంటు పోయింది, వాన ఆగలేదు, ఎత్తు మీదున్న బంధువులింటికి రాత్రికి రాత్రి బయల్దేరాం. ఒక చంకలో పిల్లవాడు, ఇంకో చేతిలో ఆవకాయ జాడీ. జాడీ ఎందుకు పట్టుకున్నానో నాకిప్పటికీ తెలీదు.

మోకాలి లోతు నీళ్ళలో ముందు నడుస్తున్న అక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఏమే, కాసులపేరు తెచ్చావా?"

పదేళ్ళ తర్వాత అక్క నాతో అన్న మొదటి మాట.

"లేదక్కా" అన్నాను.

"జాడీ తెచ్చావూ? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఉండు, నే వెళ్ళి తెస్తా" అని వెనక్కి అడుగేసింది. బావగారు చెయ్యి పట్టుకున్నారు. అక్క విదిలించుకుంటోంది. నేను జాడీతో సహా ఏడుపు లంకించుకున్నాను.

"నీళ్ళలో నిలబడి పంచాయితీలేమిటి, కదలండి!" అంది అత్తయ్య వెనకనుంచి. అని రొంటిన తట్టి చూపించింది. గుడ్డలో చుట్టి దోపుకుంది, కాసులపేరు.

నా బీరువాకి మారుతాళం చెవి ఆవిడ దగ్గర ఉందని ఆ రాత్రే తెలిసింది. ఒకనాడా రెండునాళ్ళా, పదేళ్ళ నుంచీ ఉందట! "పదిరోజులకోసారి తీసి చూసి పెడుతూనే ఉన్నాలే, నువ్వేం భద్రం చేస్తున్నావోనని" అంది, అదేదో మెచ్చుకోవాల్సిన పనైనట్టు. అక్కా నేనూ లాంతరు వెలుగులో మొహాలు చూసుకున్నాం. ముందు అక్కే నవ్వింది. తన సొంత నగల పెట్టె మాత్రం అత్తయ్య ఇంట్లోనే మర్చిపోయింది. వరద తీశాక బురదలో వెతికి తీశాం.

మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టేసరికి ఆవిడకి కొలువు పోయినట్టయింది. "ఇంక నాతో ఏం పనిలే మీకు" అని నాల్రోజులు మాతో మాట్లాడలేదు. అత్తయ్యకి భోజనం వడ్డించామని మావగారి చేత కబురు పెట్టాల్సి వచ్చింది. అయిదో నాడు తీర్పు చెప్పింది. "సరి ఏడు పెద్దదానిది, బేసి ఏడు చిన్నదానిది. ఇంక నా ఇంట్లో నగ మాట వినబడకూడదు." అప్పట్నుంచీ ఎదుర్కోలు సాయంత్రం కాసులపేరు చేతులు మారుతోంది.

అత్తయ్య 1999లో పోయింది. ఆవిడ పుట్టిల్లు కూనవరం, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 2014లో ఆ మండలం ఆంధ్రాకి వెళ్ళింది, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. ఆవిడే ఉంటే రెండు ప్రభుత్వాల మధ్యా కబుర్లు మోసేది, రెండు వైపులా నాలుగేసి మాటలు కలిపి. నేను ఇప్పుడు ఖమ్మంలో మా అబ్బాయి దగ్గరుంటున్నాను. అక్క ఆ ఇంట్లోనే ఉంది. 2022 జూలైలో నీళ్ళు 71.3 అడుగులకి వచ్చినప్పుడు నేను కంగారుపడి ఫోన్ చేస్తే, "జాడీలన్నీ పైన పెట్టించాన్లే" అంది.

బాగానే ఉంది కదా అనుకుంటున్నారా? ఉండండి. వచ్చే మాఘంలో అక్క మనవరాలి పెళ్ళి. ఈ ఏడు నగ అక్క దగ్గరుంది. మాఘం అంటే ఫిబ్రవరి, అప్పటికి అంకె మారి బేసి ఏడొస్తుంది, అంటే నాది. అక్కేమో ఏడు మారేది ఉగాదికి, నగ ఇచ్చేది ఎదుర్కోలుకి, అప్పటిదాకా తనదేనంటుంది. అత్తయ్య సరి అంది, బేసి అంది, ఏ పంచాంగం ప్రకారమో చెప్పకుండా పోయింది. పెళ్ళికూతురి మెడలో వెయ్యాలని అక్క సరదా. వేస్తే తప్పేం లేదు. కానీ పీటల మీద పెళ్ళికూతురి మెడలో పడ్డ నగ తిరిగొస్తుందో రాదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నాకూ ఒక మనవరాలుంది, వరంగల్లో చదువుకుంటోంది.

ఇదంతా అక్క నాతో అనలేదు. పెళ్ళికూతురి చేత వాట్సాప్‌లో పెట్టించింది. "చిన్నమ్మమ్మా, ఏడాది ఉగాదితో మారుతుందా జనవరితోనా అని అమ్మమ్మ అడగమంది." దాని కింద నవ్వుతున్న బొమ్మ. ఆ బొమ్మ అక్క పెట్టమందో, పిల్ల సొంతంగా కలిపిందో తెలీలేదు. "ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా" అంటాడు మా అబ్బాయి. చెప్పేదాన్నే. అడిగితే ఈ నిమిషాన ఇస్తాను. అడగాలి కదా?

మొన్న రాత్రి భోజనాలయ్యాక ఫోను మోగింది. అక్కే. రెండుసార్లు మోగనిచ్చి తీశాను.

"ఏమే, చిన్నీ" అంది. అని ఊరుకుంది.

నేనూ ఊరుకున్నాను. అవతల అక్క ఇంట్లో గోడగడియారం చప్పుడు వినబడుతోంది, అత్తయ్య నాటిది. "ఎలా ఉన్నావు, మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని అడిగింది. బాగానే ఉన్నాయన్నాను. ఆవకాయ ఎలా కుదిరిందంది. ఉప్పు ఎక్కువైందన్నాను. "నువ్వెప్పుడూ అంతే" అంది. మళ్ళీ గడియారం చప్పుడు.

"సరే మరి, పడుకో" అని పెట్టేసింది.