25 లైసెన్సులు, 33 కంప్యూటర్లు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీకి చాలాకాలం కంప్యూటర్ల పని చూశాను. బిల్లింగు, స్టాకు, ట్యాలీ అన్నీ ఒకే విండోస్ సర్వర్ మీద నడిచేవి. ఎవరి సీటు నుంచి వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో అందులోకి వెళ్లి పని చేసుకునేవారు. అలా వెళ్లాలంటే సర్వర్‌కు కొన్న విండోస్ ఒక్కటే చాలదు, మనిషి లెక్కనో కంప్యూటర్ లెక్కనో యాక్సెస్ లైసెన్సులు విడిగా కొనాలి. మాకు డొమైన్ లేదు, ఉత్త వర్క్‌గ్రూప్. అందులో మనిషి లెక్క కుదరదు కాబట్టి కంప్యూటర్ లెక్కన 25 తీసుకున్నాం. అప్పటికి ఉన్న కంప్యూటర్లూ సరిగ్గా అన్నే.

ఒక ఏడాది దీపావళికి ముందు ఓనరు గారు ఎనిమిది కొత్త కంప్యూటర్లు కొన్నారు. పాతవి తీసి పక్కన పెట్టాను, కొత్తవాటిలో రిమోట్ డెస్క్‌టాప్ ఐకాన్ పెట్టాను, అన్నీ టకటకా తెరుచుకున్నాయి. "లైసెన్సులు వీటికి మారాయా?" అని ఆయన అడిగితే "మారిపోయాయి సార్" అన్నాను. పనిచేస్తోంది కదా, మారకపోతే ఎలా తెరుచుకుంటుంది? నా లాజిక్ అది.

నిజానికి ఏమీ మారలేదు. కొత్త కంప్యూటర్ మొదటిసారి వచ్చినప్పుడు లైసెన్స్ సర్వర్ దానికి 90 రోజుల తాత్కాలిక టోకెన్ ఇస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు తన దగ్గర ఖాళీ ఉంటే అసలు లైసెన్స్ రాసిస్తుంది, లేకపోతే ఆ 90 రోజులే. ఆ అసలుది కూడా శాశ్వతం కాదు. 52 నుంచి 89 రోజుల మధ్య ఏదో ఒక గడువు వేసి ఇస్తుంది. ఆ కంప్యూటర్ వాడకంలో ఉంటే గడువు దగ్గరపడగానే దానంతటదే పొడిగించుకుంటుంది, వాడకం ఆగితే గడువు తీరాక లైసెన్స్ తిరిగి సర్వర్ ఖాతాలో పడుతుంది. అంటే పాతవాటిని నిజంగా మూలన పడేసి ఉంటే, మూడు నెలల్లోపే అన్నీ వాటంతటవే సర్దుకునేవి. పడేయలేదు. ఓనరు గారు వాటిని గొడౌన్‌కు పంపారు. అక్కడి గుమస్తాలు రోజూ స్టాకు చూసుకుంటూ పాత లైసెన్సులను పొడిగించుకుంటూ వచ్చారు. గొడౌన్‌లో నెట్ కనెక్షన్ పెట్టించింది నేనే!

మూడు నెలలకు కొత్త కంప్యూటర్లను సర్వర్ లైసెన్స్ లేదంటూ లోపలికి రానివ్వలేదు. ఎందుకో ఆలోచించకుండా తోటివాళ్లు చెప్పిన చిట్కా పట్టుకున్నాను. కంప్యూటర్ రిజిస్ట్రీలో ఎంఎస్‌లైసెన్సింగ్ అనే కీ ఉంటుంది. దాన్ని డిలీట్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్‌ను ఒక్కసారి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరిస్తే కీ మళ్లీ పుడుతుంది, పని నడుస్తుంది. అరనిమిషం పని. ఆ గర్వంలో, ప్రింటర్ మొరాయించినా, స్క్రీన్ నిదానంగా వచ్చినా, పాత సీట్లలో కూడా ఆ కీ పీకేయడం మొదలుపెట్టాను.

అలా పీకేసినప్పుడు కంప్యూటర్ తన పాత గుర్తింపును పోగొట్టుకుని సర్వర్ ముందు కొత్త ముఖంతో నిలబడుతుంది. పాత ముఖం పేరిట ఉన్న లైసెన్స్ గడువు తీరేదాకా అక్కడే ఇరుక్కుపోతుంది. బాకీదారు తన చేతిలోని చీటీ చింపేస్తే షావుకారు ఖాతాలో అప్పు చెరిగిపోదు కదా. నేను చింపుతున్నది చీటీని.

బయటపడింది నెల 11న, జీఎస్టీఆర్-1కి ఆఖరి రోజు. నేను తెనాలిలో మా చుట్టాల పెళ్లిలో ఉన్నాను. అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు. ఫోన్‌లోనే రిజిస్ట్రీ తెరిపించి, కీ కనబడగానే డిలీట్ కొట్టమన్నాను.

"ఇది శాశ్వతంగా పోతుంది, ఖాయమేనా అని అడుగుతోందండీ."

"ఎస్ కొట్టండి మేడమ్, ఏం కాదు."

"ఏమో బాబూ, నేను మాత్రం ముట్టుకోను. మీరే వచ్చి కొట్టుకోండి."

ఆవిడ చేసిందే సరైన పని. భోజనం సగంలో లేచి వచ్చాను. నేను కీ డిలీట్ చేస్తుంటే ఓనరు గారు కుర్చీ వెనకాల నిలబడి చూశారు.

"ఏమయ్యా, 25 ఉన్నాయిగా. కంప్యూటర్లెన్ని?"

గొడౌన్‌తో కలిపి లెక్కబెడితే 33. ఆ లెక్క అంతకుముందు ఒక్కసారైనా వేసి ఉంటే ఇంత భాగోతం ఉండేది కాదు. లైసెన్స్ మేనేజర్ తెరిచాను. సర్వర్‌లో పెట్టిన తర్వాత దాని ముఖం చూడటం అదే మొదలు. అందులో అకౌంట్స్ మేడమ్ కంప్యూటర్ పేరు రెండుసార్లు ఉంది. గొడౌన్‌వి ఎనిమిదీ నిక్షేపంగా ఉన్నాయి.

లైసెన్సును ఒక కంప్యూటర్ నుంచి వెనక్కి తీసుకునే పద్ధతి అక్కడే ఉంది. పేరు మీద రైట్ క్లిక్, రివోక్. కాకపోతే ఒక్కో వెర్షన్ లైసెన్సుల్లో 20 శాతానికి మించి ఒక్కసారిగా రివోక్ చేయనివ్వదు. మా 25కి అది ఐదు. ఈ పరిమితి న్యాయమైనదే, లేకపోతే పది లైసెన్సులు కొని పొద్దునో బ్యాచ్‌కు, సాయంత్రం ఇంకో బ్యాచ్‌కు తిప్పేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. తాత్కాలిక టోకెన్ల మీద నెలలు నెట్టుకొచ్చిన నాకూ వాళ్లకూ మధ్య తేడా పెద్దగా లేదు, నేను తెలియక చేశానంతే.

గొడౌన్‌లో నిజంగా సర్వర్ అవసరం మూడింటికే. మిగతా ఐదింటిలో రిమోట్ డెస్క్‌టాప్ తీసేసి, వాటి లైసెన్సులు రివోక్ చేశాను. ఆ ఐదుగురికి స్టాకు వివరాలు రోజూ మెయిల్లో ఎక్సెల్ షీట్‌గా వెళ్తాయి. తగ్గినవాటికి మూడు లైసెన్సులు కొత్తగా కొనమని ఓనరు గారికి చెప్పాల్సి వచ్చింది. "మారిపోయాయి సార్ అన్నావుగా" అని ఒకే మాట అని చెక్కు మీద సంతకం పెట్టారు.