ఎర్రమంచి కారు, ఇరుంగాట్టుకోట్టై బాట

వృత్తిరీత్యా రేసర్లు కానివారు, రోజూ ఇంటికీ ఆఫీసుకూ తిప్పుకునే సొంత కార్లనే, రుసుము కట్టి, ఎదురు వాహనాలు రాని రేసు బాట మీద నిర్ణీత వ్యవధిలో నడుపుకునే ఏర్పాటును ట్రాక్ డే అంటారు. అందులో విజేత ఉండడు, బహుమతి ఉండదు; తన కారు ఎంత వేగంలో మలుపు తిరగగలదో, ఎంత దూరంలో ఆగగలదో తెలుసుకోవడమే నడిపేవాడికి దక్కే ప్రయోజనం. అనంతపురం పీఠభూమి నుంచి ఈ విద్య కోసం బయలుదేరేవారికి ఒక దారి 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు చేరి, అక్కడ 48వ జాతీయ రహదారి ఎక్కి, చెన్నైకి ముందే శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు చేరడం. ఈ కథనం ఆ దారినే అనుసరిస్తుంది.

దారిలో మొదట ఆగవలసిన చోటు పెనుకొండ దగ్గరి ఎర్రమంచి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే, వేరుశనగ మీదే ఆశ పెట్టుకున్న ఎర్ర నేలల నడుమ, 536 ఎకరాల్లో కియా కర్మాగారం ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదరగా, 2019 ఆగస్టులో ఇక్కడ తయారైన సెల్టోస్ మార్కెట్‌కు వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఈ కర్మాగారానికి హంద్రీ–నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుంచి, అంటే ఎత్తిపోసిన కృష్ణా జలాల నుంచి, నీరు అందుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక ఎర్రమంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, నేల అదే, కరవూ అదే.

కర్మాగారం పక్కనుంచే సాగే నాలుగు వరుసల రహదారి కొత్త కారు చేతికొచ్చిన యువకుడిని వేగానికి పిలుస్తుంది. అయితే అదే రహదారిని గొర్రెల మందలు దాటుతాయి, బస్తాలు నింపుకున్న ట్రాక్టర్లు అడ్డం తిరుగుతాయి. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందేలు, వేగ పరీక్షలు జరగనివ్వడాన్ని, వాటిలో పాల్గొనడాన్ని మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. శిక్ష అవసరమే, కాని శిక్ష ఒక్కటే ఆ యువకుడికి బ్రేకు వేయడం నేర్పదు.

ఇరుంగాట్టుకోట్టైలో ఆ నేర్పుకు చోటుంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద, పందేలు నడిపింది. ఫియట్‌లు, హెరాల్డ్‌ల వంటి మామూలు కార్లే అక్కడ పోటీపడేవి. 1990లో క్లబ్ ఈ సొంత సర్క్యూట్‌ను ప్రారంభించింది. దీని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. 1998లో ఉత్పత్తి మొదలుపెట్టిన హ్యుందాయ్ కర్మాగారం ఈ ఊళ్లోనే ఉండటం, కియా కూడా అదే కొరియా సమూహానికి చెందినది కావటం వల్ల, ఎర్రమంచి నుంచి వచ్చినవారికి ఒక పోలిక కళ్లకు కడుతుంది: ఒక కర్మాగారానికి సర్క్యూట్ పొరుగున ఉంది, రెండోదాని పొరుగున వేరుశనగ చేలున్నాయి.

ట్రాక్ డే సాధారణంగా తనిఖీతో మొదలవుతుంది. స్టెప్నీ, జాకీ, తివాచీల వంటి వదులుగా కదిలే సామానంతా దించేస్తారు. టైర్లు, బ్రేకులు, చక్రాల నట్లు, హెల్మెట్ చూస్తారు. తరువాత జెండాల అర్థం చెబుతారు: పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉన్నట్టు, ఎర్ర జెండా కనిపిస్తే అందరూ నెమ్మదించి వెనక్కి రావాలన్నట్టు. కొత్తవారిని, అనుభవజ్ఞులను వేర్వేరు బృందాలుగా పంపుతారు. తిన్నని భాగంలో మాత్రమే, అదీ ముందున్నవాడు చేత్తో దారి చూపినప్పుడే, దాటనిస్తారు.

ఆ రోజు కారులో ముందుగా అలసిపోయేది ఇంజన్ కాదు, బ్రేకులు. వేగం 60 నుంచి 120 కిలోమీటర్లకు, అంటే రెట్టింపుకు, పెరిగితే కారులోని గతిశక్తి నాలుగింతలవుతుంది. ఆగాలంటే ఆ శక్తంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారాలి. ఊళ్లో ఒకసారి గట్టిగా బ్రేకు వేశాక చల్లబడే వ్యవధి ఉంటుంది, సర్క్యూట్‌లో మరుసటి మలుపు వెంటనే వస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. కాని అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, పాతబడ్డాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు తగిలినా కారు ఆగదు. అందుకే కొత్త ఆయిల్ పోయించుకుని రావాలనీ, చివరి చుట్టు బ్రేకు వాడకుండా మెల్లగా తిరగాలనీ, ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకూడదనీ చెబుతారు. వేస్తే కాలిన ప్యాడ్లు డిస్కును పట్టేస్తాయి. ఘాట్ రోడ్డు దిగే ప్రతి కుటుంబానికీ పనికొచ్చే ఈ జ్ఞానాన్ని డ్రైవింగ్ స్కూళ్లు పాఠంగా చెప్పకపోవడం పెద్ద లోటు.

ఇంకొకటి తప్పక తెలియాలి: మామూలు ప్రైవేటు కారు బీమా పాలసీ వ్యవస్థీకృత పందేలనూ, వేగ పరీక్షలనూ మినహాయిస్తుంది కాబట్టి, సర్క్యూట్‌లో జరిగిన నష్టాన్ని యజమానే భరించవలసి రావచ్చు.

ఇలాంటి ఏర్పాటు కొత్తదేమీ కాదు: జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ సర్క్యూట్ 1927లో తెరిచిన నాటి నుంచీ మామూలు జనం రుసుము కట్టి సొంత వాహనాలు నడుపుకునే చోటు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ పందెం తెలుగునేలకు గౌరవం తెచ్చింది గాని, ఆ తాత్కాలిక బాట మామూలు యజమాని కోసం వేసినది కాదు. అనంతపురం పీఠభూమికి కావలసింది కూడా అంతర్జాతీయ హంగులు కావు. వానరోజులు తక్కువైన ఈ నేల మీద షోలవరం రన్‌వే వంటి ఒక గట్టి తారు బాట, అదుపు తప్పిన కారు దొర్లకుండా నిలిచేంత ఖాళీ జాగా, శిక్షణ పొందిన మార్షల్స్, ఒక అంబులెన్స్, ఒక అగ్నిమాపక వాహనం ఉంటే, పెనుకొండ యువకుడు బ్రేకు వేయడం నేర్చుకోవడానికి రాష్ట్రం దాటి వెళ్లవలసిన పని తప్పుతుంది.