మంచి ముక్కలొచ్చినా వదిలేయాలా?

చెత్త ముక్కలు పడేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మంచి ముక్కలు పడేయడానికే గుండె కావాలి. మా బనగానపల్లెలో పండగ రాత్రుళ్లు చుట్టాలంతా చేరి నూటొకటి రమ్మీ ఆడతాం. డబ్బు పందెం కాదు. ఓడినవాళ్లు పొద్దున్నే అందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించాలి. అంతే.

లెక్క తెలిసిందే. మొదట్లోనే డ్రాప్ చేస్తే 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. 101 చేరితే ఔట్. ముగ్గురే మిగిలారనుకోండి. మీకు 40, మిగతా ఇద్దరికీ 85, 88. వాళ్లు డ్రాప్ చేస్తే నూరు దాటిపోతారు కాబట్టి కంపల్సరీగా ఆడాల్సిందే. మీకు రెండు జోకర్లు వచ్చాయి, లైఫ్ మాత్రం లేదు. ఆడతారా?

చెయ్యి ఊరుకోదు. రెండు జోకర్లు మరి! కానీ లైఫ్ పడకముందే ఎవరైనా షో చేస్తే, జోకర్లు పోను మిగతా పదకొండు ముక్కలూ లెక్కలోకి వస్తాయి. 61 వస్తే మన కథ ముగిసినట్టే. అదే డ్రాప్ చేస్తే 60తో నిమ్మళంగా కూర్చోవచ్చు. వాళ్లిద్దరిలో ఒకరు షో చేస్తే, రెండోవాళ్లు 16 పాయింట్లకే ఇంటికి.

పోకర్లోనూ ఇదే సంగతి. కొన్ని పోటీల్లో మొదటి పదిమందికీ ఒకే బహుమతి ఉంటుంది. పదకొండుగురు మిగిలినప్పుడు, మన దగ్గర చిప్స్ దండిగా ఉంటే, రెండు ఆసులొచ్చినా పడేయడమే సరైన ఆట కావచ్చు. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నేర్పులో సగం ఈ వదిలేయడంలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఇది నాకు పేకకంటే మామిడి తోటల్లో ఎక్కువ పనికొచ్చింది. మా దగ్గర పూత చూసి తోటలు పడతారు. నిరుడు జనవరిలో ఒక తోట చూశాను. ఆకు కనబడనంత పూత. కానీ పాత బాకీ తీరలేదు, అడిగిన మొత్తానికి మా ఆవిడ నగలు కూడా కుదువ పెట్టాలి. మా మామ పూత ఎట్లుందని అడగలేదు. “అల్లుడా, కాపు పోతే మళ్లా ఏడు తోట పట్టే శక్తి నీకుంటాదా?” అన్నాడు. తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఏప్రిల్ గాలివాన... వీటిలో ఏ ఒక్కటొచ్చినా నగలు పోయినట్టే. వదిలేశాను.

వేరేవాళ్లు పట్టారు. వాళ్లకు లాభమే వచ్చింది. “చేతికొచ్చింది పోగొట్టుకున్నావే” అన్నారు బంధువులు. నాకు బాధ లేదనను. కానీ జనవరిలో నా చేతిలో ఉన్నది పూతే గానీ కాయ కాదు. డ్రాప్ చేశాక పేకలో తర్వాతి ముక్క తిప్పి చూసుకుని ఏడ్చేవాళ్లు ఎక్కువకాలం ఆడలేరు.

అలాగని ప్రతిసారీ డ్రాప్ చేస్తూ పోయినా లాభం లేదు. ఐదు డ్రాపులకే నూరు, ఆరోదానికి చోటుండదు. ఈ ఏడు బాకీ తీరింది. ఒక చిన్న తోట పట్టాను. పూత ఓ మోస్తరుగానే ఉంది. నగలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి.